వేడి కూడు ఎవరిది? (మన కూటి చరిత్ర – 11)



"నివురు గప్పిన నిప్పు" అన్న మాట మైకు పట్టుకున్న ప్రతి వక్త నోటా వింటుంటాం. దళితుల ఆగ్రహం నివురు గప్పిన నిప్పు అంటారు. కూలోళ్ల ఆకలి నివురు గప్పిన నిప్పు అంటారు. చప్పట్లు కొడతాం, ఇంటికొస్తాం. ఆ మాట వెనక ఒక పొయ్యి ఉందనీ, ఆ పొయ్యి దగ్గర ఒక ఆడమనిషి కూర్చుని ఉండేదనీ ఎవరూ చెప్పరు. రాత్రి వంటయ్యాక కణికల్ని పోగుచేసి పైన బూడిద కప్పితే తెల్లారేదాకా నిప్పు బతికే ఉంటుంది. అగ్గిపెట్టె ఖర్చు మిగులుతుంది. అదే బూడిద పక్కన కాల్చిన మాంసం కూడా వేడిగా ఉంటుంది. పనికి పోయినవాళ్లు ఇంటికి చేరేదాకా ఉంటుంది.

ఈ భాగం ఆ వేడి గురించి. కాల్చిన మాంసాన్ని మంట మీంచి దించాక, అది విస్తట్లో పడేలోపు ఏం జరుగుతుంది అన్నదే విషయం. చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ ఆ మధ్యలో గడిచే సమయం ఎవరి చేతిలో ఉంది, ఎవరి కోసం ఆగుతారు, ఎవరి కోసం ఆగరు అని అడిగి చూడండి. మన ఊళ్ల చరిత్ర చాలావరకు ఆ ప్రశ్నలోనే ఉంది.

బెల్లం పొయ్యి దగ్గర

మాది అనకాపల్లి పక్క పల్లె. అనకాపల్లి అంటే బెల్లం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మాది ఒకటి. 1913లోనే ఇక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం వచ్చింది, చెరకు మీద అక్కడ ఎన్నో రకాలు తయారుచేశారు. బెల్లం గురించి రాసేవాళ్లు రైతు గురించి రాస్తారు, వర్తకుడి గురించి రాస్తారు, దిమ్మ ధర గురించి రాస్తారు. పొయ్యి ఎగదోసేవాడి గురించి రాయరు.

మా తాత ఆ పని చేశాడు. గానుగలో రసం తీసేసిన చెరకు పిప్పిని ఎండబెట్టి, పెనం కింద గుప్పెడు గుప్పెడు తోస్తూ, మంట ఒక్కసారిగా లేవకుండా, పడిపోకుండా చూడాలి. రసం గంటల తరబడి మరిగి, నీరంతా పోయి, వేడి దాదాపు 118 డిగ్రీలకు చేరాక పాకం దిమ్మ కట్టే పదునుకొస్తుంది. మా తాత ఎన్నడూ థర్మామీటర్ చూడలేదు. పొంగు చప్పుడుని బట్టి చెప్పేవాడు. బెల్లం తియ్యగా వచ్చిందని పేరు పెనం ముందు నిలబడ్డవాడికి దక్కేది. పెనం కింద కూచున్నవాడికి కూలి దక్కేది.

సంక్రాంతి ముందు ఆఖరి పాకం దించిన రోజు ఆ పొయ్యి మా తాతదయ్యేది. పని అయిపోయింది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ అంత పెద్ద పొయ్యి మర్నాడు దాకా చల్లారదు. కోడికి ఉప్పు, కారం, పసుపు పట్టించి, అరిటాకు చుట్టి, పైన బంకమట్టి మెత్తి కణికల్లో పెట్టేవాడు. మట్టి ఎండి, నెర్రెలు విచ్చి, వాసన బయటికొచ్చాక పక్కకి లాగేవాడు. పిల్లలం మీద పడేవాళ్లం.

"ఒరే గుంటా, తొందరేటి? ముక్క కుదుటపడాల" అనేవాడు.

ఎంతసేపు? దానికి మా ఇంట్లో ఒక కొలత ఉంది. మా నాయనమ్మ అడ్డపొగ చుట్ట ఒకటి కాల్చడం పూర్తయ్యేంత సేపు. మా ఉత్తరాంధ్ర బయట వాళ్లకి చెప్పాలి: నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడాన్ని అడ్డపొగ అంటారు, మా ఆడోళ్లలో ఒకప్పుడు మామూలు. చుట్ట అయిపోతే మట్టి పెంకు పగిలేది.

ఈ ఆగడానికి కారణం ఉంది. మంట మీద ఉన్న మాంసానికి పైన వేడి ఎక్కువ, లోపల తక్కువ. దించాక కూడా పైనున్న వేడి లోపలికి నడుస్తూనే ఉంటుంది. పెద్ద ముక్కయితే దించిన తర్వాత లోపలి వేడి ఇంకొన్ని డిగ్రీలు పెరుగుతుంది. తాత చెప్పిన "కుదుటపడడం" ఇదే. వేడికి బిగుసుకున్న కండ కొంచెం సడలుతుంది, లోపలి రసం కాస్త చిక్కబడుతుంది. అప్పుడు కోస్తే రసం ముక్కలో ఉంటుంది. ముందే కోస్తే విస్తట్లో ఉంటుంది, ముక్క పీచు పీచుగా మిగులుతుంది. చువ్వకి గుచ్చి కాల్చే చిన్న ముక్కలకి ఇదంతా అక్కర్లేదు. అవి తీసిన వెంటనే తినేవే. కోడి మొత్తం, పంది తొడ, మేక పక్క లాంటివి మాత్రం ఆగాలి.

అయితే ఆగడం ఒక విద్య, ఆగినంతసేపూ వేడి నిలపడం ఇంకో విద్య. మొదటిది పావుగంట పని. రెండోది రెండు మూడు గంటల పని. వరికోతకి పోయిన మనిషి ఎప్పుడొస్తాడో తెలీదు. వదిలిపెట్టేది ఆసామి ఇష్టం కదా. ఆ రెండో విద్యని కనిపెట్టింది అందుకే కూలోళ్ల ఇళ్ల ఆడవాళ్లు అంటాను నేను. ఎవరి కోసమూ కాచుకుని ఉండక్కర్లేని ఇంట్లో ఆ విద్యతో పనేముంది?

మా నాయనమ్మ పద్ధతులు చెబుతాను, రాసిపెట్టుకోండి. ఒకటి, నివురు. బూడిద రేణువుల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది, దానిలోంచి వేడి తొందరగా బయటికి పోదు. కాల్చిన మాంసాన్ని ఆకులో చుట్టి, మట్టి చట్టిలో పెట్టి, చట్టిని వేడి బూడిదలో మెడ దాకా దించేది. రెండు, దాలి. గుంటలో పిడకలు పేర్చి రాజేస్తే మంట లేకుండా రోజంతా సెగ ఇస్తాయి. పాడి ఉన్న ఇళ్లలో దాలి మీద పాలు కాగేవి, పాడి లేని మా ఇంట్లో కూర కాగేది. మూడు, గడ్డి. బుట్టలో వరిగడ్డి దట్టంగా పరిచి, మధ్యలో చట్టి పెట్టి, పైన మళ్లీ గడ్డి, ఆ పైన పాత గోనె. యూరప్‌లో ప్రపంచ యుద్ధాల కాలంలో వంటచెరకు, బొగ్గు దొరక్క ఇదే పద్ధతిని ప్రభుత్వాలే ప్రచారం చేశాయి, పెట్టెలో ఎండుగడ్డి నింపి గిన్నె పెట్టమని చెప్పాయి. మన దగ్గర యుద్ధం లేని రోజుల్లో కూడా కరువే కాబట్టి ఎవరూ ప్రచారం చెయ్యక్కర్లేకపోయింది.

ఇంకో మాట కూడా అనేది: "మూత బిగించకు, తోలు చెమటపడతాది." నిజమే. కాల్చిన మాంసం మీద మూత గట్టిగా బిగిస్తే ఆవిరి బయటికి పోలేక, కరకరలాడే పైపొర మెత్తబడి తోలు సాగుతుంది. కాస్త సందు ఉంచాలి. వేడి ఉండాలి, ఆవిరి పోవాలి. ఇప్పుడు పెద్ద హోటళ్లలో వంటవాళ్లకి ఈ రెండు ముక్కలూ నేర్పడానికి కోర్సులున్నాయి.

కొండ మీద వెదురు

చోడవరం, మాడుగుల దాటితే పాడేరు కొండలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టేదాకా వాళ్లూ మేమూ ఒకే విశాఖ జిల్లా. ఆ కొండల్లో ఆదివాసులు మాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, మంటలో తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె ఉండదు. పచ్చి వెదురులోని తేమే లోపల ఆవిరవుతుంది. బయట బొంగు మాడి బొగ్గవుతుంది, లోపల మాంసం ఉడుకుతుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది వేరే ఉంది. బొంగే గిన్నె, బొంగే మూత, బొంగే వేడిపెట్టె. చీల్చేదాకా లోపలిది చల్లారదు. తినేవాళ్లందరూ చేరాక చీలుస్తారు, అడ్డాకుల్లో పెట్టుకుంటారు. ఒక్కడు ముందుగా వచ్చి మంచి ముక్క ఏరుకోవడం కుదరదు. చీల్చితే అందరికీ చీల్చినట్టే.

ఇవాళ అరకు, మారేడుమిల్లి దారిలో "బొంగులో చికెన్" అన్న బోర్డు లేని మలుపు లేదు. టూరిస్టు కారు దిగుతాడు, ఫొటో తీసుకుంటాడు, తిని పోతాడు. వెదురు కొట్టడం, ఆకు కోయడం, పొగలో కూర్చోవడం ఎప్పటిలాగే ఆదివాసిది. రోడ్డు పక్క బండి యజమాని ఎవరన్నది ఒకసారి దిగి అడగండి.

బొజ్జన్నకొండ, కనుమ, రాళ్లు

అనకాపల్లి ఊరికి ఆనుకునే శంకరం గ్రామం ఉంది. సంఘారామం అన్న మాటే శంకరం అయిందంటారు. అక్కడి రెండు గుట్టలు బొజ్జన్నకొండ, లింగాలకొండ. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపితే రాతిని తొలిచిన గుహలు, బుద్ధ విగ్రహాలు, ఇటుకల విహారం, సముద్రగుప్తుడి బంగారు నాణెం బయటపడ్డాయి. లింగాలకొండ మీద వరసలు వరసలుగా ఉన్నవి లింగాలు కావు, కొండరాతిలోనే చెక్కిన స్తూపాలు. మన తాతల ఊరి పక్కనే శతాబ్దాలపాటు ఒక పెద్ద సంఘం కలిసి బతికింది, కలిసి తినింది.

ఆ సంఘం తిండి నియమాలు వినయ పిటకంలో ఉన్నాయి. చదివితే మనకి కావలసినవి చాలా దొరుకుతాయి. భిక్షువు తిండిని మర్నాటికి దాచుకోకూడదు. అంటే దాపరికం లేదు. తన కోసం చంపినట్టు చూడని, వినని, అనుమానించని మాంసం తినొచ్చు. చేపా మాంసమూ పూర్తిగా నిషేధించమని దేవదత్తుడు అడిగితే బుద్ధుడు ఒప్పుకోలేదు. భిక్షకి పోయినవాడికి ఎవరి ఇంట్లో ఏది ఉంటే అదే పెడతారు. ఏరుకుని తింటే పేదోడి గడప తొక్కడం మానెయ్యాలి. ఇంకొకటుంది, నాకు చాలా ఇష్టమైనది: ఒకసారి వండినదాన్ని మళ్లీ వేడి చేసుకోవచ్చని బుద్ధుడు అనుమతిచ్చాడు. అంత పెద్ద ధర్మం చెప్పిన మనిషి, చల్లారిన అన్నం తినేవాళ్ల సంగతి కూడా ఆలోచించాడు.

ఆయన ఆఖరి భోజనం ఒక కంసాలి ఇంట్లో. చుందుడు పెట్టిన "సూకరమద్దవం" పంది మాంసమా, పుట్టగొడుగులా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. పాలి గ్రంథం చెప్పే కథలో బుద్ధుడు ఆ వంటకాన్ని తనకు మాత్రమే వడ్డించమని, మిగిలినదాన్ని గోతిలో పాతిపెట్టమని అంటాడు. తన తర్వాత ఇంకెవరికీ అది పోకూడదనుకున్నాడు. మిగిలింది కింది పంక్తికి పంపడం మాత్రమే తెలిసిన దేశంలో ఈ కథని మనం మరోసారి చదవాలి.

ఇక మా శంకరంలో ఏం జరిగిందో చూడండి. కనుమ మా వైపు మాంసం పండగ. సంక్రాంతికి గారెలూ అరిసెలూ, కనుమకి ముక్క. ఆ రోజున జనం తిని, కుటుంబాలతో బొజ్జన్నకొండకి తీర్థంగా వెళతారు. అక్కడ బొజ్జలా ఉన్న ఒక పాత కట్టడాన్ని రాక్షసుడిదని చెప్పి రాళ్లతో కొట్టే ఆనవాయితీ చాలాకాలం నడిచింది. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్, అధికారులు కలిసి దాన్ని ఆపించారు. రాయి విసిరినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మాంసం తిన్న చేత్తోనే, మాంసం తినేవాణ్ని తప్పుపట్టని ధర్మం మీద రాళ్లు వేశారు. వాళ్లని నేను తిట్టను. ఒక జాతిని తన చరిత్ర మీద తనచేతే రాళ్లు వేయించడం ఎంత పకడ్బందీగా జరిగిందో చూడమంటున్నాను.

1948లో వచ్చిన "అంటరానివారు ఎవరు" అన్న పుస్తకంలో బాబాసాహెబ్ వాదించింది ఇదే. ఊరి బయట ఉండిపోయి, బౌద్ధాన్ని వదలక, గొడ్డు మాంసం మానని జనాన్నే అంటరానివాళ్లుగా చేశారని. ఆ వాదంతో చరిత్రకారులు కొందరు విభేదిస్తారు. నేనైతే శంకరం గుట్ట ఎక్కిన ప్రతిసారీ ఆ పుస్తకమే గుర్తు చేసుకుంటాను.

రాజు తింటే పాకశాస్త్రం

12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు "మానసోల్లాసం" రాయించాడు. అందులో వంటల అధ్యాయం ఉంది. పందిని గడ్డి మంటలో కాల్చి వెంట్రుకలు పోగొట్టడం, మాంసం ముక్కల్ని చువ్వలకి గుచ్చి నిప్పుల మీద కాల్చడం, చివరికి పొలాల్లో తిరిగే ఎలుకని వండడం కూడా ఉంది. రాజు తిన్నాడు కాబట్టి అది పాకశాస్త్రం. యానాది తింటే అదే ఎలుక అతని పేరు ముందు తిట్టుగా చేరింది. మా విశాఖ రెల్లి పేటల్లో పందిని తాటాకు మంటలో కాల్చి గీకితే, దారిన పోయేవాళ్లు ముక్కు మూసుకుంటారు. తొమ్మిది వందల ఏళ్ల కిందట రాజు వంటశాలలో జరిగిందీ అదేనని వాళ్లకి చెప్పండి.

రాజు వంటశాలకీ మన పేటకీ తేడా మాంసంలో లేదు, కాల్చే పద్ధతిలో లేదు. ఎప్పుడు వండాలో నిర్ణయించే అధికారంలో ఉంది. రాజు ఆకలేసినప్పుడు కోయించాడు. మనవాళ్లకి ఊళ్లో గొడ్డు చచ్చినప్పుడు మాంసం వచ్చింది. చచ్చిన గొడ్డుని ఈడ్చుకుపోవడం మన వంతు, తోలు ఊరికి, మాంసం మనకి. అది ఎప్పుడో చల్లారిన మాంసం. ఒక్కరోజులో తినలేనంత వస్తుంది, తర్వాత నెలల పాటు ఏమీ రాదు. అందుకే తునకలు కోసి తాడు మీద ఆరేసుకున్నాం. ఎండు తునకని కణికల మీద వేసి, చిటపటలాడాక రోట్లో నలిపి, గంజిలో నంజుకున్నాం. రుచి గురించి పాటలు కట్టుకున్నాం కూడా. కానీ ఆ వంట వెనక ఉన్నది బలవంతం. అందుకే 1927 మార్చిలో మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని చెప్పారు. మాంసం మానమని చెప్పలేదు, చావు కోసం కాచుకుని ఉండే బతుకు మానమని చెప్పారు.

ఊరి పెళ్లిళ్లలో ఏం జరిగేదో మీలో నలభై దాటినవాళ్లకి చెప్పక్కర్లేదు. డప్పు కొట్టేవాళ్లు మావాళ్లే. తోలు సడలకుండా డప్పుని గడ్డిమంట దగ్గర కాగబెట్టుకునేది వంట పొయ్యిలకి నాలుగు బారల దూరంలోనే. మాంసం వాసన వాళ్లకే ముందు తగిలేది. మొదటి పంక్తి లేచేది, రెండో పంక్తి లేచేది, మూడో పంక్తి లేచేది. ఆ తర్వాత సేవ చేసే కులాలు. అందరూ అయ్యాక గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డ మా వాళ్లకి, పైనుంచి తగలకుండా జారవిడిచేవాళ్లు. అప్పటికి మాంసం మీద కొవ్వు తెల్లగా పేరుకుని ఉండేది. పొద్దున మూడింటికి పొయ్యి రాజేసిన మనిషికి పొద్దుగూకాక పేరుకున్న కూర. నేను చిన్నప్పుడు మా నాయన పక్కన అలాంటి ఒక వరసలో నిలబడ్డాను. ఊరి పేరు రాయను. అన్ని ఊళ్లూ అదే ఊరు.

1989 నాటి అట్రాసిటీ చట్టంలో, తినకూడనిదాన్ని ఎస్సీ ఎస్టీల చేత బలవంతంగా తినిపించడం నేరం. ఆ అక్షరం చట్టంలోకి ఎక్కడానికి ఎంతమంది ఏమేం తినాల్సొచ్చిందో ఆలోచించండి. కానీ తినదగిన కూడునే చల్లార్చి ఆఖరున పెడితే ఎవరి మీద కేసు పెడతాం? ఆగడం అనే పనికి సాక్షులుండరు.

నిప్పు గుంట దగ్గర నల్లవాళ్లు

ఇప్పుడు బార్బెక్యూ అన్న మాట అనకాపల్లి దాకా వచ్చేసింది. కరీబియన్ దీవుల మూలవాసుల భాషలోంచి స్పానిష్ వాళ్లు ఎత్తుకున్న మాట అది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆ వంట పెద్ద సంప్రదాయం. గొయ్యి తవ్వి, కట్టెలు బొగ్గయ్యేదాకా కాల్చి, పందిని పైన పెట్టి రాత్రంతా కాచేది ఎవరు? 1865లో బానిసత్వం రద్దయ్యేదాకా ఎక్కువగా బానిసలే, ఆ తర్వాత కూడా చాలావరకు నల్లవాళ్లే. తెల్ల భూస్వాములు ఎన్నికల సభలకి జనాన్ని పోగుచేసి ఆ మాంసం పెట్టేవాళ్లు. కాచినవాడి పేరు వంటల పుస్తకాల్లోకి రాలేదు, పెట్టినవాడి పేరు వచ్చింది.

టెక్సాస్‌లో ఇవాళ గొడ్డు రొమ్ము మాంసాన్ని పన్నెండు గంటలు పొగలో కాల్చి, కాగితంలో చుట్టి, ఐసు లేని ఐసుపెట్టెలో గంటల తరబడి ఉంచుతారు. ఆ ఆగడమే రుచి అని పోటీల్లో బహుమతులిస్తారు. ఆకు, చట్టి, గోనె పట్టా మా నాయనమ్మవి. కాగితం, ప్లాస్టిక్ పెట్టె వాళ్లవి. 1972లో బొంబాయిలో మన కుర్రాళ్లు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అమెరికా బ్లాక్ పాంథర్స్‌ని చూసే. ఆ చుట్టరికం నినాదాలతో మొదలవలేదని నేను నమ్ముతాను. రెండు చోట్లా పొగలో కూర్చున్నవాడే చుట్టం.

వాసన దాచుకునే మనుషులు

అదే 1972లో, ఆగస్టు 15న, విజయవాడలో గోరా, సరస్వతీ గోరా గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి పెట్టి అందరినీ పిలిచి తినిపించే కార్యక్రమం చేశారు. నలభై ఏళ్ల తర్వాత, 2012 ఏప్రిల్ 15న, అంబేడ్కర్ జయంతి మర్నాడు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండగ చేశారు. బిర్యానీ వండారు. ఘర్షణ జరిగింది, రాళ్లు పడ్డాయి, బాష్పవాయువు గోళాలు పేలాయి. ఆ బిర్యానీ గురించి నెలల తరబడి చర్చలు నడిచాయి.

నాకు మాత్రం ఆ రోజు గురించి ఒక్క విషయమే పెద్దగా తోస్తుంది. మన పిల్లలు దాన్ని ఆరుబయట వండారు. దమ్ము మీద ఉంచారు. నలుగురూ వచ్చేదాకా ఆపారు. దాచి వండుకునేవాడు ఆపలేడు. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, గబగబా వండి, గబగబా తిని, గిన్నె కడిగి, అగరొత్తి వెలిగించాలి. ఈ నగరాల్లో అద్దెకున్న మనవాళ్లందరికీ ఆ తినడం తెలుసు. నేను ఉద్యోగం కోసం ఒక నగరంలో గది వెతుక్కున్నప్పుడు, ఇంటాయన ముందడిగింది జీతం ఎంతని కాదు, "మీరు నాన్‌వెజ్ తింటారా?" అని. తర్వాత ఎప్పుడో అమ్మ పంపిన ఎండు తునకలు గ్యాసు మంట మీద కాల్చాను. రెండు తునకలు. ఆ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు.

కాల్చిన మాంసం వాసన ఎక్కువ దూరం పోతుంది. మన కులం కూడా దానితో పాటే పోతుంది. అందుకే కాల్చిన మాంసాన్ని తీరిగ్గా దించి, పక్కన పెట్టి, పదిమంది కోసం కాచుకుని కూర్చోవడం మనకి ఒక హక్కు పొందడంలాంటిది. ఈ చోటు నాది, నన్ను ఇక్కణ్నించి ఎవరూ లేపలేరు అనుకున్నవాడే అలా కూర్చోగలడు.

ఏప్రిల్ 14న ఏం చేద్దాం

చరిత్ర చెప్పి ఊరుకుంటే ఈ వ్యాసానికి అర్థం లేదు. ఏప్రిల్ 14న మన ప్రతి పేటలో భోజనాలుంటాయి. తెల్లారుజామున వండుతాం. పదకొండుకి వస్తానన్న అతిథి రెండింటికి వస్తాడు. ప్రసంగాలయ్యేసరికి మూడున్నర. ఎండ మండిపోతుంటుంది, పొద్దున దించిన మాంసం గోరువెచ్చగా ఉంటుంది.

ఆ గోరువెచ్చదనమే ప్రమాదం. మాంసం 60 డిగ్రీల పైన ఉన్నంతసేపూ భయం లేదు. దాని కింద, చెయ్యి పెట్టగలిగినంత వెచ్చగా గంటల తరబడి ఉంటేనే వంటలో చావని బీజాల్లోంచి క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ లాంటి బాక్టీరియా లేచి పెరుగుతుంది. పెద్ద గిన్నె నిండా ఉన్న కూర నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి మూకుమ్మడి భోజనాల్లోనే ఇది ఎక్కువ. పేటలో పది మందికి వాంతులైతే మర్నాడు పత్రికలో ఏం రాస్తారో, "ఆ మాంసం తిన్నందుకే" అని ఎవరంటారో మనకి తెలుసు. కాబట్టి ఒక పెద్ద గిన్నె బదులు నాలుగు చిన్న గిన్నెలు పెట్టండి. కింద కణికలు, చుట్టూ బూడిద లేదా గడ్డి. సెగలు కక్కేలా ఉంచండి, లేదా వడ్డించే ముందు మళ్లీ పొగలొచ్చేదాకా మరిగించండి. బుద్ధుడు అనుమతిచ్చాడు కదా. కాల్చిన పెద్ద ముక్కల్ని ముందే కోసిపెట్టకండి. మొత్తంగా ఉంచితే వేడి నిలుస్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. మన సభల్లో మొదటి విస్తరి వేదిక మీది పెద్దలకి వేస్తున్నాం. తర్వాత మగవాళ్లకి, తర్వాత పిల్లలకి. తెల్లారి మూడింటి నుంచి పొగలో ఉన్న అక్కలు, వదినెలు, పిన్నమ్మలు ఆఖరున గిన్నె అడుగు గీరుకుని, పేరుకున్న కొవ్వుతో తింటున్నారు. బాబాసాహెబ్ ఫొటో కిందే ఇది జరుగుతోంది. ఊరి పెళ్లిలో ఆఖరి పంక్తిని మనం ద్వేషించాం. మన పేటలో ఆఖరి పంక్తి మన ఆడవాళ్లదైతే, ఆ పంక్తిని మనమెక్కడ రద్దు చేసినట్టు?

ఈసారి మా పేటలో పెట్టుకున్న నియమం చెబుతాను. వంట చేసినవాళ్లు మొదటి పంక్తిలో కూర్చుంటారు. కమిటీ కుర్రాళ్లు వడ్డిస్తారు. వచ్చిన అతిథి ఎంత పెద్దవాడైనా వాళ్ల పక్కనే కూర్చుంటాడు. ఆలస్యంగా వచ్చే కూలి మనిషి కోసం ఒక గిన్నె ప్రత్యేకంగా నివురులో ఉంటుంది. రాత్రి తొమ్మిదికొచ్చినా సరే, మూత తీస్తే పొగలు రావాలి. ఆ గిన్నె చూసుకునే బాధ్యత ఒక మగ పిల్లాడికి అప్పజెప్పాం.

మీ పేటలో కూడా ఆ ఒక్క గిన్నె పెట్టండి. ఎవరి కోసం పెట్టారో వాళ్ల పేరు అడిగి పెట్టండి.

వచ్చే భాగంలో ఉప్పు గురించి. ఎండు తునకకి ఉప్పు ఎక్కడినించి వచ్చేదో, దానికి మనవాళ్లు ఏం కట్టేవాళ్లో మాట్లాడుకుందాం.

జై భీమ్.